ఒట్టు పెట్టని ఎలిశబెతు

కొత్తపాళెం, జువ్వలదిన్నె పక్క
ఫిబ్రవరి 11, 1960

ఆనందకుమారి అక్కకు ఎలిశబెతు రాసేది,

నాయన ఉంటే ముందు దేవుణ్ణి స్తుతించి, తర్వాత క్షేమం అడిగి, ఆ తర్వాతే సంగతిలోకి రమ్మనేవాడు. నాకు అంత ఓపిక లేదు, సంగతితోనే మొదలుపెడుతున్నాను. మా మొలగొలుకుల వడ్లు ఇంటికొచ్చాయి. కళ్ళంలో రాశి చూసి నాలో నేనే నవ్వుకుంటుంటే మీ మరిది "ఏందిమే, పిచ్చిదాని మాదిరి నవ్వుతుండావు" అన్నాడు. నవ్వనా మరి? పోయినేడు వానకు పడి కుళ్ళిపోయిన చేను ఇదే కదా.

కల్వకుర్తి నుంచి నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో కలుపుకూ పైరుకూ తేడా తెలియక పైరు పీకేశాను, నీకు రాశాను గుర్తుందా. మా అత్తమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని "జొన్నల దేశం పిల్లను తెచ్చుకుంటే ఇంతే" అని వీధంతా వినిపించింది. ఆ అత్తమ్మే ఈసారి కొత్త బియ్యం మొదటి చేట నా చేతిలో పెట్టి, ప్రార్థన గుడికి నువ్వే పట్టుకుపో అన్నది. దారి పొడుగునా నా కాళ్ళు నేల మీద లేవు. గుడికిచ్చే పిడికెడు బియ్యం కుండ కూడా పొయ్యి పక్కనే పెట్టాను. ఎసట్లో పోసేముందు ఒక పిడికిలి అందులో పడాల్సిందే. అత్తమ్మ ఇప్పుడు నాకంటే పెద్ద పిడికిలి వేస్తున్నది.

ఇంకో సంగతి. చేను కోశాక యానాది చిన్నపోలయ్య వచ్చి ఎలుక బొరియలు తవ్వుతున్నాడు. ఇక్కడ అది వాళ్ళ హక్కు. ఎలుకలూ వాళ్ళవే, ఎలుకలు దాచిన వెన్నులూ వాళ్ళవే. కుండలో నిప్పేసి, పైన పచ్చిగడ్డి వేసి, పొగను బొరియలోకి ఊదుతాడు. ఎలుక ఇంకో కంతలోంచి దగ్గుకుంటూ బయటికొస్తుంది. మా సువార్త వాడి వెంటే తిరుగుతోంది. ఏడేళ్ళ ఆడపిల్ల ఎలుకల వెంట పడడమేమిటని అత్తమ్మ గొణుగుడు. పిలకాయలు పొలంలో తిరక్కపోతే ఎక్కడ తిరుగుతారు?

చిన్నపోలయ్య తవ్వి తీసిన వెన్నులు చూశాను అక్కా. అన్నీ ఒకవైపుకే తలలు పెట్టి పేర్చి ఉన్నాయి. మన ఇంట్లో నా పెట్టె కూడా ఎప్పుడూ అంత పద్ధతిగా లేదు.

నీ చెల్లెలు,
ఎలిశబెతు


కల్వకుర్తి
ఫిబ్రవరి 24, 1960

ఎలిశమ్మకు,

నీ పెట్టె గురించి నువ్వే ఒప్పుకున్నావు, ఆ ఉత్తరం దాచిపెట్టాను. పిలకాయలంటే ఎవరో మొదట తెలియలేదు. మన పోరగాళ్ళే కదా. ఇంకో ఏడాది పోతే నీ ఉత్తరం చదవడానికి నాకు నెల్లూరు మనిషి కావాలి.

ఇక్కడ బావులు అడుగంటాయి. బడిలో పిల్లలకు నీళ్ళు మోయించలేక నేనే మోస్తున్నాను. పోయిన ఆదివారం ప్రభువు బల్ల తర్వాత పాదాలు కడిగే ఆరాధన జరిగింది. నా వంతుకు ఎవరొచ్చారనుకున్నావు? నాతో మాట మానేసిన మా బడి వంటమనిషి. మడమలు పగిలి ఉన్నాయి. కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకున్నాను. లేచేసరికి ఇద్దరం ఏడుస్తున్నాం. మరునాడు మళ్ళీ పోట్లాడుకున్నాం, అది వేరే సంగతి. మీ బాప్టిస్టు గుడిలో ఇది చేయరని నువ్వు రాసినప్పుడల్లా నాకు దిగులు.

అక్కడి అలవాట్లు నేర్చుకో, వద్దనను. కానీ మెన్నొనైట్ల ఇంట పుట్టావని మరవకు. ఎవరి మీదా చెయ్యెత్తం, కచేరీకి పోయి దావా వేయం, ఒట్టు పెట్టం. అవునంటే అవును, కాదంటే కాదు. నాయన మనకు ఆస్తి ఇవ్వలేదు, ఇవి ఇచ్చాడు.

సువార్తను ఎలుకలతో ఆడుకోనీ, కానీ చేతులు కడిగించు.

అక్క


కొత్తపాళెం
మార్చి 8, 1960

అక్కా,

నిన్న మధ్యాహ్నం పద్మనాభయ్య గారి గడ్డివామి తగలబడింది. ఊళ్ళో పెద్ద సేద్యం ఆయనది, మా చేనికి పడమర పొలమంతా ఆయనదే. సముద్రపు గాలి తిరిగే వేళ. ఒక్క మంట లేచిందంటే వామి నెత్తికెక్కి కూర్చుంది. ఊరంతా కడవలతో పరుగెత్తింది. నేనూ, అత్తమ్మా, బడి నుంచి పరుగెత్తుకొచ్చిన సువార్త చెంబుతో. మామూలప్పుడు మా కడవ తగిలితే నీళ్ళు పారబోసే వాళ్ళు నా చేతిలోంచి లాక్కుని మరీ పోశారు. ఆ గంటలో ఎవరి కడవ ఎవరిదో ఎవరూ చూడలేదు. వామి దక్కలేదు గానీ ఇళ్ళు దక్కాయి. ఎంత సంతోషం వేసిందో, నల్లటి మొహాలతో ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం కూడా.

నవ్వు అక్కడే ఆగిపోయింది. ఎవరో చిన్నపోలయ్య పేరెత్తారు. నిప్పుకుండ పట్టుకు తిరిగేవాడు ఊళ్ళో వాడొక్కడే. పైగా కాపలా కూలి ఇవ్వలేదని పోయిన వారమే పద్మనాభయ్యతో గొడవపడ్డాడు. ఇంకేం కావాలి? పట్టుకొచ్చి నాలుగు తగిలించారు. నేను అడ్డం పోయి "అన్నా, వాడు పొద్దుటి నుంచి వామి అంటుకునేదాకా మా చేలోనే ఉండినాడు. సద్దికూడు నేనే పెట్టినాను" అన్నాను. పద్మనాభయ్య నా వైపు చూడనైనా చూడకుండా "నీ చేలో పనిచేసేవాణ్ణి నువ్వు వెనకేసుకు రాక ఏం చేస్తావు" అన్నాడు.

ఊరి పెద్ద మాలకొండయ్య గారు కొట్టడం ఆపించాడు. ఉగాది పోయాక చావిడిలో కూర్చుని తేలుస్తారట. నేరం రుజువైతే చిన్నపోలయ్య పెళ్ళాం బిడ్డలతో ఊరు విడిచిపోవాలి. లేదా పోలీసులకు అప్పగిస్తారు. పోలీసుల దగ్గర యానాది మాట ఎవరు వింటారు అక్కా? వాడి గుడిసె, వాడి బతుకు అన్నీ ఈ చేల గట్లమీదే. నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ మధ్యాహ్నం మీ మరిది కావలి సంతలో ఉన్నాడు, అత్తమ్మ ఇంట్లో ఉంది, సువార్త బడికి పోయింది.

ఏం చేయమంటావు? పద్మనాభయ్య కోపం ఎట్లా చల్లారుతుంది?

ఎలిశబెతు


కల్వకుర్తి
మార్చి 15, 1960

ఎలిశమ్మా,

నీ ఉత్తరం పిల్లలకు లెక్కలు చెబుతూ చదివాను, లెక్క తప్పింది.

నువ్వు చేయాల్సింది నాకు తేటగా కనిపిస్తోంది. ఆయన గడ్డి పోయింది, పశువులున్నాయి. మీకు గడ్డి ఉంది. ఒకడు ఒక మైలు రమ్మంటే రెండు మైళ్ళు పొమ్మన్నాడు ప్రభువు. మీ వామిలోంచి ఒక బండెడు గడ్డి ఆయన దొడ్డికి తోలించు. మాటలతో చల్లారని కోపం దీనితో చల్లారుతుంది. నాయన ఉన్నా ఇదే చెబుతాడు. మరిదికి నా మాటగా చెప్పు.

పంచాయితీలో నువ్వు చూసింది చెప్పు. అంతకంటే ఒక్క మాట ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. సత్యానికి కాళ్ళు ఉన్నాయి, అదే నడుస్తుంది.

అక్క


కొత్తపాళెం
మార్చి 29, 1960

అక్కా,

సత్యానికి కాళ్ళున్నాయేమో గానీ మా గడ్డిబండి పోయి బురదలో దిగబడింది.

నువ్వు రాసినట్టే చేశాం. మీ మరిదికి ఇష్టం లేదు. "మన గేదెకే చాలదు" అన్నాడు. నీ పేరు చెప్పాను, నువ్వంటే భయం కదా, బండి కట్టాడు. నేను వెంట నడిచాను. పద్మనాభయ్య వాకిట్లో బండి ఆగగానే ఆయన బయటికొచ్చి గడ్డి వంక చూసి, మా ఇద్దరి వంకా చూసి, "ఓహో, నష్టం కట్టను వచ్చినారా" అన్నాడు. అప్పటికి నాకు అర్థం కాలేదు. ఆయన గొంతు పెంచి వీధిలో వాళ్ళను పిలిచాడు. "సూడండబ్బా, తప్పు లేకపోతే ఎవురన్నా గడ్డి మోసకొస్తారా? నిప్పేసింది పోలయ్య, ఏపిచ్చింది వీళ్ళు" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది మా పని. ఇక్కడ గడ్డి ఇచ్చామంటే తప్పు ఒప్పుకున్నామనే అక్కా. మన గేదె పొరుగువాడి చేలో పడితే మోపు గడ్డి వేసి తప్పు కట్టుకోవడం ఈ ఊరి ఆచారమట. నాకెవరు చెప్పారు? ఎనిమిదేళ్ళుగా ఉండి నేనే తెలుసుకోలేదు. మీ మరిదికైనా తట్టలేదు, నీ భయంలో.

గడ్డి తీసుకున్నాడు, నిందా మాకే అంటగట్టాడు. అత్తమ్మ అన్నం మానేసి కూర్చుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పొద్దున నుంచి అదే మాట. "మీ అక్కను వచ్చి గడ్డి తినిపొమ్మను" అని కూడా అన్నది, కోపంలో అన్నమాట, పట్టించుకోకు.

ఇప్పుడు ఇంకో చిక్కు. ఆదివారం పంచాయితీ. మాలకొండయ్య గారు మంచివాడే, నిన్న ఇంటికొచ్చి చెప్పాడు. "ఎలిశబెతమ్మా, చావిట్లో దీపం పెడతాం. నీ బిడ్డ తలమీద చెయ్యి పెట్టి, పోలయ్య నీ చేలో ఉండినాడని చెప్పి, దీపం ఆర్పు. అంతే, వాణ్ణి వదిలిపెడతాం. మీ మీద మాట కూడా పోద్ది" అన్నాడు. సువార్త పక్కనే నిలబడి విన్నది. "నా తలమీదనే పెట్టమ్మా, నాకేం భయం లేదు" అన్నది.

నేను ఒట్టు పెట్టనని చెప్పాను. మా ఇంట పద్ధతి కాదన్నాను. ఆయన కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. అబద్ధం గనకే బిడ్డ తలమీద చెయ్యి పెట్టలేకపోతోంది.

మీ మరిది "ఒక్క మాటకు ఏమవుతాదిమే, మా బాప్టిస్టులు బైబిలు మీద పెడతారు, కోర్టులో" అంటున్నాడు. అదొక్కటీ ఓర్చుకోగలను. ఇందాక చిన్నపోలయ్య వచ్చి దొడ్డి గోడ బయట నిలబడ్డాడు. పెదవి ఇంకా వాచి ఉంది. "అమ్మా, నిజమే గదా నువ్వు చెప్పాల్సింది. నిజం మీద ఒట్టేస్తే నీకు పోయేదేంది? నాకు ఊరు పోతాది" అన్నాడు. నేనేం చెప్పాలి అక్కా? ఒట్టు పెట్టుకోవద్దన్న మత్తయి సువార్త ఐదో అధ్యాయం చెప్పనా? లోపలికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను.

వెంటనే రాయి.

ఎలిశబెతు


కల్వకుర్తి
ఏప్రిల్ 1, 1960

ఎలిశమ్మా, నా తల్లీ,

ఇది అందేసరికి ఆదివారం దాటుతుందేమోనన్న భయంతో టపా బంట్రోతు చేతికే ఇస్తున్నాను.

ఒట్టు పెట్టు.

అవును, నేనే రాస్తున్నాను. కళ్ళు నులుముకుని మళ్ళీ చదువు. రాత్రి నిద్ర లేకుండా ఆలోచించాను. నాయన కచేరీలో ఒట్టు పెట్టనన్నందుకు మన అర ఎకరం పోయింది, ఇంటికొచ్చి అమ్మను రొట్టె అడిగి తిన్నాడు. చిన్నప్పటి నుంచి ఆ కథ చెప్పుకుని గర్వపడ్డాం. కానీ ఎలిశమ్మా, నాయన పోగొట్టుకున్నది తన పొలం. నువ్వు పోగొట్టేది ఇంకొకరి బతుకు. నీ పట్టుదల ఖరీదు ఆ యానాది ఎందుకు కట్టాలి? వాడి బిడ్డలు ఎందుకు కట్టాలి?

గడ్డి ఇవ్వమన్నది నేను. మిమ్మల్ని ఈ గోతిలోకి తోసింది నేను. ఇంత దూరంలో కూర్చుని నీతులు రాయడం ఎంత సులువో ఇప్పుడు తెలిసింది. పెట్టి వాణ్ణి విడిపించు. పాపమైతే నా మీద వేసుకుంటాను, దేవుని ముందు నేను నిలబడతాను.

బిడ్డకు ఏమీ కాదు. నిజానికి ఒట్టేస్తే ఎవరికీ ఏమీ కాదు.

అక్క


కొత్తపాళెం
ఏప్రిల్ 4, 1960

అక్కా,

నీ ఉత్తరం ఈ పొద్దు వచ్చింది. పంచాయితీ నిన్ననే అయింది. చదివి సగం నవ్వాను, సగం ఏడ్చాను. మా అక్క చేత "ఒట్టు పెట్టు" అని రాయించిన ఊరు ఇది. ఆగు, వరసగా చెబుతాను, లేకపోతే అంతా కలిపేస్తాను.

చావిడి నిండా జనం. ఆడవాళ్ళం ఒక పక్క. నడుమ ఇత్తడి కుంది మీద దీపం. చిన్నపోలయ్య స్తంభం దగ్గర కింద కూర్చున్నాడు, పక్కన పెళ్ళాం, ఒళ్ళో చంటిది. పద్మనాభయ్య ఆరేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. మాలకొండయ్య గారు నన్ను పిలిచాడు. సువార్త నా చెయ్యి పట్టుకుని ముందుకొచ్చింది, తలకు నూనె రాసి దువ్వుకుని మరీ వచ్చింది, ఆ తలమీద ఏం పడినా అందంగా ఉండాలని కాబోలు.

నేను అన్నాను: "ఆ పొద్దు చిన్నపోలయ్య మా చేలో బొరియలు తవ్వతా ఉండినాడు. ఎండ ఎక్కినప్పుడు నేను సద్ది పెట్టినాను. వాడు తింటా ఉండగానే పడమట పొగ లేసింది. ఇద్దరం కలిసే చూసినాం. ఇదే నా మాట. దీనికి ఒట్టు పెట్టను."

"ఎందుకు పెట్టవమ్మా?" అన్నాడు మాలకొండయ్య గారు.

"ఒట్టు పెట్టి చెప్పిందే నిజమైతే, ఒట్టు లేకుండా రోజూ మీతో నేను చెప్పే మాటలన్నీ ఏమైనట్టు? పాలు చిక్కగా ఉన్నాయన్నా, కూలి రేపిస్తానన్నా, అవన్నీ అబద్ధాలా? నాకు ఒక్కటే నోరుండాది అన్నా. రెండో నోరు లేదు."

ఇది ముందే అనుకున్న మాట కాదు అక్కా. వచ్చేసింది. నీతో నిజం చెప్పాలంటే అప్పటికీ నాకు తెలియదు, చెయ్యి పెట్టేస్తానేమోనని. చిన్నపోలయ్య వైపు చూశాను. వాడు నన్ను చూడలేదు, నేలను చూస్తున్నాడు. వాడి పెళ్ళాం మాత్రం నన్ను చూసింది. ఆ చూపు చచ్చేదాకా మరిచిపోను.

గోల మొదలైంది. అబద్ధం, అబద్ధం అన్నారు. అప్పుడు మా అత్తమ్మ లేచింది. వారం రోజులుగా నన్ను తిట్టి పోస్తున్న మనిషి. "నా కోడలు సట్టి పగిలినా నేనే పగలగొట్టినానని చెప్పే రకం. అబద్ధమాడను చేతనైతే ఇన్నేళ్ళు నాతో ఇన్ని మాటలు ఎందుకు పడతాది?" అన్నది. కొందరు నవ్వారు. మీ మరిది కూడా అప్పుడొచ్చి నా పక్కన నిలబడ్డాడు. అదే చాలు.

మాలకొండయ్య గారు పక్కవాళ్ళతో మాట్లాడి, "సరే. సాచ్చికం చెప్పినోళ్ళు ఒట్టు పెట్టకపోతే నింద మోపినోళ్ళు పెట్టాల. అది మన ఊరి కట్టు. పద్మనాభయ్యా, రా. నీ బిడ్డ తలమీద చెయ్యి పెట్టి, మా వామికి నిప్పేసింది పోలయ్యేనని చెప్పి దీపం ఆర్పు. ఆర్పితివా, వాడు ఈ పొద్దే ఊరు దాటాల" అన్నాడు.

ఇలాంటి కట్టు ఉందని నాకు తెలియదు. పద్మనాభయ్య వెనకాడే మనిషి కాదు, నిజంగానే చిన్నపోలయ్యే చేశాడని నమ్ముతున్నాడు. పంచె ఎగ్గట్టి, కొడుకును దీపం దగ్గరికి నడిపించాడు. పిల్లవాడి తలమీద చెయ్యి పెట్టాడు. అయిపోయింది, నా నోటితో వీళ్ళను ఊరు దాటించేశాను అనుకున్నాను. ప్రభువా, నా మూర్ఖత్వానికి వీళ్ళను బలి చేయకు అని కళ్ళు మూసుకున్నాను.

"ఆపరా" అని కేక. ఆడవాళ్ళ గుంపులోంచి. వెంకటశేషమ్మ, పద్మనాభయ్య తల్లి. కర్ర పారేసి, మనుషులను తోసుకుంటూ పోయి పిల్లవాణ్ణి లాక్కుని కొంగులో దాచేసింది.

"నా మనవడి తలమీద పెట్టబాక. నేనేరా. పొయ్యిలో బూడిద ఆరిపోయిందనుకుని వామి కింద పోసినా. గాలి లేసింది. నీ కోపానికి భయపడి నోరు మూసుకున్నా. వాడు పోతే పోతాడులే, యానాదోళ్ళకు ఏ ఊరైతే ఏంది అనుకున్నా. ఆమె పెట్టుంటే అయిపోయుండేది, వాడు బయటపడేవాడు, నా సంగతి ఎవురికీ తెలిసేది కాదు. ఆమె పెట్టకపాయె. నువ్వు పోయి బిడ్డ తలమీద పెడతివి."

పద్మనాభయ్య చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. తర్వాత మెల్లగా దించి, ఎవరినీ చూడకుండా బయటికి నడిచాడు. మాలకొండయ్య గారు తన చేత్తోనే దీపం వత్తి లోపలికి లాగాడు.

నేను పరుగెత్తి చిన్నపోలయ్య పెళ్ళాం దగ్గరికి పోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. వాడు మాత్రం లేచి దుమ్ము దులుపుకుని నా పక్క నుంచే వెళ్ళిపోయాడు. వాడి తప్పేముంది? వాడి ఊపిరితో నేను పందెం కాశాను.

నేను చేసింది ఒప్పో తప్పో నాకు తెలియదు. సంతోషం మాత్రం పట్టలేకున్నాను. ఇందాక దొడ్లో ఒక్కదాన్నే పాట పాడుకుంటుంటే గేదె బెదిరి పాలు చేపలేదు.

ఎలిశబెతు


కల్వకుర్తి
ఏప్రిల్ 12, 1960

ఎలిశమ్మా,

నీ ఉత్తరం బడి అరుగు మీద నిలబడే చదివాను. పిల్లలు "టీచరమ్మ ఎగురుతున్నది" అని కేకలు పెట్టారు. ఎగిరానేమో, నాకు తెలియదు.

ఆదివారం స్త్రీల కూటంలో చదివి వినిపించాను. వంటమనిషి లేచి, "మీరు రాసిన ఉత్తరం ముందే అంది ఉంటే ఏమయ్యేది?" అని అడిగింది. అందరిలో అడిగింది. ఉత్తరం మడిచి కూర్చున్నాను. నువ్వు నా మాట వినే పిల్లవు. నాకు అది తలుచుకుంటేనే చెమట పడుతోంది. అయినా ఆ ఉత్తరం రాసినందుకు సిగ్గుపడను. ఆ చంటిబిడ్డను తలుచుకుని రాశాను, మళ్ళీ ఆ పరిస్థితి వస్తే మళ్ళీ రాస్తానేమో.

ఆ ముసలామెను చూసిరా. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమెతో ఎవరూ మాట్లాడరు. ఏమీ మోసుకుపోకు, గడ్డి అసలు వద్దు. ఊరికే వెళ్ళి కూర్చో.

అక్క


కొత్తపాళెం
నవంబర్ 20, 1960

అక్కా,

ఇన్ని నెలలు సరిగా రాయనందుకు తిట్టినవన్నీ తిన్నాను. నాట్లు, కలుపు, సువార్తకు తట్టు, అత్తమ్మకు కాళ్ళనొప్పులు. ఇప్పుడు రాయకుండా ఉండలేని సంగతి జరిగింది.

ముందు నువ్వడిగినవి. వెంకటశేషమ్మ దగ్గరికి ప్రతి వారం పోతున్నాను. మొదట్లో మొహం తిప్పుకునేది. ఇప్పుడు నాతో చింతకాయలు దంచిస్తోంది. పద్మనాభయ్య తల్లితో మాట్లాడుతున్నాడు. చిన్నపోలయ్యకు కాపలా కూలి కూడా ఇచ్చాడు, మొహం పక్కకు పెట్టుకుని. చిన్నపోలయ్య పోయిన నెల మళ్ళీ మా గట్టు మీదికొచ్చి కూర్చున్నాడు. "నువ్వు మంచిదానివేనమ్మా, గానీ నిన్ను నమ్ముకుంటే గుండె ఆగి చస్తారు" అన్నాడు. సద్ది అడిగి తిన్నాడు. నాకు పండగ చేసుకున్నట్టయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువు నీళ్ళు వంతులు వేసి ఇస్తున్నారు. పైరు పొట్ట మీదుంది, ఒక్క తడి తప్పితే తాలే. మొన్న పద్మనాభయ్య వంతు రోజు, తెల్లారి నేను గడ్డి కోసుకొద్దామని పోతే, మీ మరిది కాలువ మడవ మన చేనికి తిప్పి, పైన మట్టి సర్దుతున్నాడు. నన్ను చూశాడు. నేనూ చూశాను. ఇంటికొచ్చి గంజి తాగాం.

సాయంత్రానికి చావిట్లో పంచాయితీ. పద్మనాభయ్య నీళ్ళు దొంగిలించారన్నాడు. మీ మరిది "నేనేం తిప్పలేదు, మడవ దానికదే తెగింది" అన్నాడు. మాట మీద మాట పెరిగింది. ఎవరో దీపం తేవడానికి లేచారు. మాలకొండయ్య గారు చెయ్యి ఊపాడు. "దీపమెందుకబ్బయా. ఎలిశబెతమ్మను పిలవండి. ఆమెకు దీపంతో పనిలేదు" అన్నాడు.

పిలిచారు అక్కా. అంతా లేచి దారి ఇచ్చారు. పద్మనాభయ్య కూడా. ఆయనే అన్నాడు: "అమ్మా, నువ్వు చూస్తే చూసినానని చెప్పు, చూడలేదంటే చూడలేదను. నేను ఒప్పుకుని పోతా."

మీ మరిది మొహం చూశాను. బతిమాలుతున్నాడు, కళ్ళతోనే. మన వడ్లు, మన గేదె, సువార్త చదువు, అత్తమ్మ మందులు, అన్నీ ఆ ఒక్క తడిలో ఉన్నాయి. ఆ రోజు నా మాట ఎవరూ నమ్మలేదని ఏడ్చాను. ఇప్పుడు అందరూ నమ్ముతున్నందుకు ఏడుపొచ్చింది.

"తిప్పినాడు" అన్నాను. "నేను చూసినాను."

అంతే, లేచి వెళ్ళిపోయారు. రెండో ప్రశ్న లేదు. మాకు వచ్చే వంతు తీసేశారు. కట్టు అదే. పైరు సగమైనా దక్కుతుందో లేదో దేవుడికే తెలియాలి. అత్తమ్మ నా వైపు చూసి లోపలికి పోయింది. ఆమె తిట్టకపోవడం ఇదే మొదటిసారి.

మీ మరిది రెండు రోజులు మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, లేచాడు. ఈ మధ్యాహ్నం తింటూ తింటూ ఆగి అన్నాడు: "అదే మునుపైతే ఎంత బాగుండు. నిన్ను ఒట్టు పెట్టమనేవోళ్ళు, నువ్వు పెట్టననేదానివి, నీ మాట ఎవురూ నమ్మేవోళ్ళు కాదు, నా నీళ్ళు నాకు ఉండేవి."

నవ్వలేదు. ఇంకొంచెం పప్పు వేయమన్నాడు. వేశాను.

నీ చెల్లెలు,
ఎలిశబెతు